నగర చార్టర్ సమీక్ష

ఒక నగరానికి ఎటువంటి ప్రభుత్వం ఉండాలి, దానికి ఏయే అధికారాలు ఉంటాయి, వాటిని ఎవరు ఏ విధంగా వినియోగించాలి అనే విషయాలను నిర్దేశించే మూలశాసనాన్ని నగర చార్టర్ అంటారు. ఆ శాసనాన్ని నిర్ణీత కాలానికి ఒకసారిగాని, అవసరం కలిగినపుడుగాని ఒక సంఘం చేత పరిశీలింపజేసి, అది సూచించిన మార్పులను ఓటర్ల ఆమోదానికి పెట్టే ప్రక్రియను నగర చార్టర్ సమీక్ష అంటారు. ఈ పద్ధతి ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అమలులో ఉన్నది. దేశానికి రాజ్యాంగం ఎటువంటిదో, అక్కడి నగరానికి చార్టర్ అటువంటిది.

మేయరును ఎవరు ఎన్నుకోవాలి, బడ్జెట్‌ను ఎవరు ఆమోదించాలి, నగర మండలిలో ఏ ప్రాంతానికి ఎన్ని స్థానాలు ఉండాలి అనే ప్రశ్నలు పైకి నిస్సారంగా కనిపిస్తాయి. కాని ఏ వీధికి కాలిబాట వస్తుంది, ఎవరి మొర ముందుగా వినబడుతుంది అనేవి చాలావరకు వీటికి ఇచ్చే సమాధానాలపైనే ఆధారపడి ఉంటాయి. అందువలన చార్టర్‌లో ఏమున్నది అనే ప్రశ్న ఎంత ముఖ్యమో, దానిని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అనే ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

పదం, అర్థం

చార్టర్ అనగా రాజుగాని, ప్రభుత్వంగాని హక్కులను, అధికారాలను ప్రసాదిస్తూ ఇచ్చే పత్రం. తెలుగులో పూర్వం ఇటువంటి పత్రాలను సనదు అనేవారు. భారతదేశంలో ప్రభుత్వ కార్యాలయాల గోడలపై కనిపించే సిటిజన్ చార్టర్ దీనికి భిన్నమైనది. ఏ సేవ ఎన్ని రోజులలో అందుతుంది, ఏ అధికారిని సంప్రదించాలి అని తెలిపే హామీపత్రం అది. 1997లో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశం తరువాత అవి మన దేశంలో వ్యాప్తిలోకి వచ్చాయి. నగర చార్టర్ సేవలకు సంబంధించిన హామీ కాదు. అది నగర ప్రభుత్వ నిర్మాణానికి సంబంధించిన శాసనం.

చరిత్ర

నగరాలకు చార్టర్లు ఇచ్చే ఆచారం మధ్యయుగాల ఐరోపాలో ఏర్పడింది. ఇంగ్లండును జయించిన మొదటి విలియం 1067లో లండన్ పౌరుల పూర్వపు హక్కులను గుర్తిస్తూ ఇచ్చిన చార్టర్ వీటిలో ప్రసిద్ధమైనది. 1215 నాటి మాగ్నా కార్టాలో కూడా లండన్ నగరపు ప్రాచీన స్వేచ్ఛల ప్రస్తావన ఉన్నది.

భారతదేశంలో చార్టర్ ద్వారా ఏర్పడిన తొలి నగరపాలక సంస్థ మద్రాసు కార్పొరేషన్. 1687 డిసెంబరు 30 నాటి ఈస్టిండియా కంపెనీ చార్టర్ ప్రకారం 1688 సెప్టెంబరు 29న అది ప్రారంభమైంది. నాథేనియల్ హిగ్గిన్సన్ తొలి మేయరు. అప్పుడు ఎలీహు యేల్ మద్రాసు గవర్నరుగా ఉండేవాడు. పన్నుల వసూలుకు స్థానికుల సమ్మతి కూడగట్టడం ఈ సంస్థను స్థాపించడంలోని ఉద్దేశాలలో ఒకటి. అయితే ఆ చార్టర్ పైనుండి ఇచ్చినదే గాని, నగరవాసులు కోరి వ్రాసుకున్నది కాదు.

అట్లాంటిక్ ఆవలితీరంలోని వలసలలో న్యూయార్క్‌కు 1686లో, ఫిలడెల్ఫియాకు 1701లో చార్టర్లు లభించాయి. ఇంగ్లండులో మాత్రం కాలక్రమంలో పట్టణ సంస్థలు కొద్దిమంది చేతులలో చిక్కుకుపోయాయి. 1833లో ఒక రాజ నియమిత సంఘం వాటి స్థితిని విచారించింది. దాని ఫలితంగా 1835లో వచ్చిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 178 పట్టణాలలో పాత చార్టర్ల ఆధారంగా సాగుతున్న పాలన స్థానంలో ఒకే విధమైన ఎన్నికైన మండళ్ళను ప్రవేశపెట్టింది. ఆ విధంగా ఇంగ్లండు దేశమంతటికీ వర్తించే చట్టం వైపు నడిచింది. అమెరికా నగరాలు తమతమ చార్టర్లను నిలుపుకున్నాయి.

రాష్ట్రానికి, నగరానికి గల సంబంధం

అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావన లేదు. కాబట్టి నగరాలకు అధికారం ఎక్కడినుండి వస్తుంది అనే వివాదం 19వ శతాబ్దంలో తలెత్తింది. అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో దీనికి సమాధానం చెప్పాడు. నగరం రాష్ట్ర శాసనసభ సృష్టి. శాసనసభ ఇచ్చిన అధికారాలే దానికి ఉంటాయి. సందేహం కలిగినచోట నగరానికి ఆ అధికారం లేదనే భావించాలి. దీనికి డిల్లన్ సూత్రం అని పేరు వచ్చింది. 1907లో హంటర్ వర్సెస్ పిట్స్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా నగరాలు రాష్ట్రాల సృష్టి అనే వాదాన్నే సమర్థించింది.

దీనికి ప్రతిగా హోమ్ రూల్ అనే భావన పుట్టింది. నగరవాసులే తమ చార్టర్‌ను వ్రాసుకొని, ఓటు ద్వారా ఆమోదించుకొని, దానిని మార్చుకొనగలగడం దీని సారాంశం. (భారత స్వాతంత్ర్యోద్యమంలోని హోమ్ రూల్ ఉద్యమంతో దీనికి సంబంధం లేదు.) 1875 నాటి మిస్సోరీ రాష్ట్ర రాజ్యాంగం మొట్టమొదటగా ఈ హక్కును ఇచ్చింది. మరుసటి సంవత్సరమే సెయింట్ లూయిస్ నగరం తన చార్టర్‌ను తానే రూపొందించుకున్నది. టెక్సాస్‌లో 1912 నాటి రాజ్యాంగ సవరణ ద్వారా 5,000కు మించిన జనాభా గల పట్టణాలకు ఈ హక్కు లభించింది. హోమ్ రూల్ ఉన్నచోట కూడా చార్టర్ రాష్ట్ర రాజ్యాంగానికి, రాష్ట్ర చట్టాలకు లోబడియే ఉండాలి.

చార్టర్‌లో ఉండే అంశాలు

సాధారణంగా ఒక చార్టర్‌లో ఈ క్రింది విషయాలు ఉంటాయి.

- నగరం పేరు, సరిహద్దులు, అధికారాలు
- నగర మండలి సభ్యుల సంఖ్య, వారిని వార్డులవారీగా ఎన్నుకోవాలా లేక నగరం మొత్తానికి కలిపి ఎన్నుకోవాలా అనే నియమం
- మేయరు అధికారాలు, పదవీకాలం, ఎన్నిసార్లు పోటీ చేయవచ్చుననే పరిమితి
- శాఖల అధిపతులను నియమించే, తొలగించే అధికారం
- బడ్జెట్ తయారీ, ఆమోదం, లెక్కల తనిఖీ
- భూ వినియోగం, కాంట్రాక్టులకు సంబంధించిన నిర్ణయాలు తీసుకునే పద్ధతి
- చార్టర్‌ను సవరించే విధానం

చివరి అంశం చిన్నదిగా కనిపించినా, మిగిలిన అంశాలన్నీ మారే మార్గం అదే.

నగర ప్రభుత్వ రూపాలు

సమీక్షలలో తరచుగా చర్చకు వచ్చేది ప్రభుత్వ రూపం. అమెరికాలో ప్రధానంగా మూడు రూపాలు కనిపిస్తాయి.

మేయరు - మండలి పద్ధతి: మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. శాఖాధిపతులను నియమించే, బడ్జెట్‌ను ప్రతిపాదించే, మండలి నిర్ణయాలను నిరాకరించే అధికారాలు మేయరుకు ఉంటే దానిని బలమైన మేయరు పద్ధతి అంటారు. ఆ అధికారాలు మండలి, ఇతర అధికారుల మధ్య పంచబడి ఉంటే బలహీన మేయరు పద్ధతి అంటారు. ఇక్కడ బలం, బలహీనత అనేవి పదవికి సంబంధించినవే గాని వ్యక్తికి సంబంధించినవి కావు.

కమిషన్ పద్ధతి: 1900 సెప్టెంబరు 8న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నగరాన్ని పెనుతుపాను ముంచివేసి వేలాదిమందిని బలిగొన్నది. నగర పునర్నిర్మాణం కొరకు 1901లో అక్కడ కొత్త విధమైన ప్రభుత్వం ఏర్పడింది. అందులో కొద్దిమంది కమిషనర్లే చట్టాలు చేస్తారు, వారే ఒక్కొక్కరు ఒక్కొక్క శాఖను నడుపుతారు. ఆపత్కాలంలో త్వరగా పనులు జరిగినందున ఈ పద్ధతి అనేక నగరాలకు వ్యాపించింది. అయితే శాఖను నడిపేవారే దానిని తనిఖీ చేయవలసి రావడం, శాఖల మధ్య సమన్వయం లేకపోవడం దీని లోపాలు. గాల్వెస్టన్ కూడా 1960లో ఈ పద్ధతిని విడిచిపెట్టింది.

మండలి - మేనేజర్ పద్ధతి: ఎన్నికైన మండలి విధానాలను నిర్ణయిస్తుంది. పాలనను నడపడానికి వృత్తి నిపుణుడైన ఒక మేనేజర్‌ను నియమిస్తుంది. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ తొలిసారిగా ఇటువంటి అధికారిని నియమించింది. 1913 నాటి వరదల తరువాత ఒహాయోలోని డేటన్ ఈ పద్ధతిని స్వీకరించడంతో దీనికి ప్రాచుర్యం లభించింది. తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్ నగరాలైన ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో అమలులో ఉన్నది ఈ పద్ధతియే.

ఏ రూపం ఉత్తమమైనది అనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1894లో స్థాపితమైన నేషనల్ మున్సిపల్ లీగ్ (ప్రస్తుత నేషనల్ సివిక్ లీగ్) ఎప్పటికప్పుడు నమూనా చార్టర్‌ను ప్రచురిస్తూ 1915 నుండి మేనేజర్ పద్ధతిని సిఫారసు చేస్తూ వచ్చింది. అయినా శాన్ డియాగో నగర ఓటర్లు 2004లో బలమైన మేయరు పద్ధతిని ప్రయోగాత్మకంగా అంగీకరించి, 2010లో దానిని శాశ్వతం చేశారు. డల్లాస్ ఓటర్లు 2005లో అటువంటి ప్రతిపాదనను రెండుసార్లు తిరస్కరించారు.

సమీక్ష జరిగే విధానం

మొదట ఒక సమీక్షా సంఘం ఏర్పడుతుంది. దీనిని మేయరుగాని, మండలిగాని నియమించవచ్చు. కొన్నిచోట్ల ఓటర్లే సభ్యులను ఎన్నుకుంటారు. సంఘం ప్రస్తుత చార్టర్‌ను చదివి, అధికారులను విచారించి, నగరంలోని వివిధ ప్రాంతాలలో బహిరంగ సభలు జరిపి, ముసాయిదాను ప్రకటిస్తుంది. ప్రజల అభ్యంతరాలను విన్న తరువాత తుది ప్రతిపాదనలను సిద్ధం చేస్తుంది. వాటిని ఎన్నికల రోజున ఓటు పత్రంపై ప్రశ్నల రూపంలో ముద్రిస్తారు. ఓటరు అవును లేదా కాదు అని తీర్పు చెబుతాడు. అమెరికా పౌరసత్వం పొందిన తెలుగువారికి కూడా స్థానిక ఎన్నికలలో ఇటువంటి ప్రశ్నలు ఎదురవుతూ ఉంటాయి.

సంఘాన్ని ఎవరు నియమించారు అనేదానిపై దాని స్వతంత్రత ఆధారపడి ఉంటుంది. లాస్ ఏంజలెస్‌లో 1990 దశకం చివర మేయరుకు, మండలికి మధ్య ఈ విషయంలో పొత్తు కుదరక, మండలి నియమించిన సంఘం ఒకటి, ఓటర్లు ఎన్నుకున్న సంఘం ఒకటి సమాంతరంగా పనిచేశాయి. చివరకు రెండూ రాజీపడి ఒకే ముసాయిదాను తయారుచేయగా, 1999 జూన్‌లో ఓటర్లు దానిని ఆమోదించారు. శాన్ ఫెర్నాండో లోయ ప్రాంతం తమను నగరం పట్టించుకోవడం లేదని విడిపోవడానికి ఉద్యమిస్తున్న కాలమది. కొత్త చార్టర్ పేటల స్థాయిలో సలహా మండళ్ళకు అవకాశం కల్పించింది. 2002లో ఆ ప్రాంతం విడిపోవాలనే ప్రతిపాదన ఓటులో ఓడిపోయింది.

ఉదాహరణ: న్యూయార్క్, 1989

1898లో ఐదు బరోలు (ఉప నగరాలు) కలిసి నేటి న్యూయార్క్ నగరం ఏర్పడింది. బడ్జెట్, భూ వినియోగం, కాంట్రాక్టుల వంటి ముఖ్య విషయాలలో నిర్ణయాధికారం బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అనే సంస్థ చేతిలో ఉండేది. అందులో మేయరు, కంప్ట్రోలర్, నగర మండలి అధ్యక్షుడు అనే ముగ్గురికి రెండేసి ఓట్లు, ఐదుగురు బరో అధ్యక్షులకు ఒక్కొక్క ఓటు ఉండేవి.

1980 జనాభా లెక్కల ప్రకారం బ్రూక్లిన్ బరో జనాభా సుమారు 22 లక్షలు, స్టేటెన్ ఐలాండ్ జనాభా సుమారు 3.5 లక్షలు. అయినా బోర్డులో రెండింటికీ ఒకే ఓటు. అనగా బ్రూక్లిన్‌లో ఆరుగురి మాటకు ఉన్న విలువ స్టేటెన్ ఐలాండ్‌లో ఒక్కరి మాటకు ఉండేది. దీనిని సవాలు చేస్తూ బ్రూక్లిన్ ఓటర్లు 1981లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1989 మార్చి 22న అమెరికా సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు రాజ్యాంగంలోని 14వ సవరణ హామీ ఇచ్చిన సమాన రక్షణకు విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఫ్రెడరిక్ ష్వార్జ్ అధ్యక్షతన గల చార్టర్ సంఘం ఓట్ల విలువలను సరిదిద్దడంతో ఆగక, బోర్డునే రద్దు చేయాలని ప్రతిపాదించింది. 1989 నవంబరులో ఓటర్లు దీనిని ఆమోదించారు. బోర్డు అధికారాలు మేయరుకు, మండలికి పంచబడ్డాయి. మండలి స్థానాలు 35 నుండి 51కి పెరిగాయి. వార్డులు చిన్నవి కావడం వలన నల్లజాతీయులకు, లాటిన్ అమెరికా సంతతివారికి ప్రాతినిధ్యం పెరగడానికి అవకాశం కలిగింది. అదే సమయంలో బరో అధ్యక్షులు తమ నిర్ణయాధికారంలో చాలా భాగాన్ని కోల్పోయారు. ఒక అన్యాయాన్ని సరిచేసిన సంస్కరణ అధికారాన్ని మేయరు వద్ద మరింతగా కేంద్రీకరించిందనే విమర్శ కూడా వచ్చింది.

ఉదాహరణ: పోర్ట్‌లాండ్, 2022

ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ 1913లో కమిషన్ పద్ధతిని స్వీకరించింది. ఇతర పెద్ద నగరాలన్నీ దానిని విడిచిపెట్టిన తరువాత కూడా పోర్ట్‌లాండ్ కొనసాగించింది. 2020లో ఆ నగర జనాభా 6.5 లక్షలు దాటింది. మేయరుతో కలిపి ఐదుగురు సభ్యులు గల మండలిని నగరం మొత్తం కలిసి ఎన్నుకునేది. వారే నీటి సరఫరా, రవాణా, అగ్నిమాపక శాఖల వంటి వాటిని పంచుకొని నడిపేవారు. ఏ శాఖ ఎవరికి అనేది మేయరు నిర్ణయించేవాడు. నగరమంతటా ప్రచారం చేయడానికి ఖర్చు ఎక్కువ కావడంతో, తూర్పు పోర్ట్‌లాండ్ వంటి పేద ప్రాంతాలవారు మండలికి ఎన్నిక కావడం అరుదుగా ఉండేది. కాలిబాటలు లేని వీధులు అధికంగా ఉన్నది కూడా ఆ ప్రాంతంలోనే. 2007లో చేసిన మార్పు ప్రయత్నాన్ని ఓటర్లు తిరస్కరించారు.

పోర్ట్‌లాండ్ చార్టర్‌లోని ఒక నియమం ఇక్కడ గమనింపదగినది. కనీసం పదేళ్ళకొకసారి 20 మంది సభ్యుల సంఘాన్ని నియమించాలి. ఆ సంఘంలో 15 మంది లేక అంతకంటే ఎక్కువమంది అంగీకరించిన ప్రతిపాదన మండలి అనుమతి లేకుండానే నేరుగా ఓటర్ల ముందుకు వెళుతుంది. తమ పదవుల రూపాన్నే మార్చే ప్రతిపాదనను పదవిలో ఉన్నవారు అడ్డుకొనడానికి ఇందువలన వీలు లేకపోయింది. సంఘంలో 17 మంది ఆమోదించిన ప్రతిపాదన 2022 నవంబరులో దాదాపు 58 శాతం ఓట్లతో గెలిచింది.

దీని ప్రకారం నగరాన్ని నాలుగు జిల్లాలుగా విభజించి, ఒక్కొక్క జిల్లా నుండి ముగ్గురు చొప్పున 12 మంది సభ్యులను ఎన్నుకుంటారు. ఓటరు అభ్యర్థులను ప్రాధాన్యక్రమంలో గుర్తిస్తాడు. నాలుగోవంతుకు మించి ఓట్లు పొందిన అభ్యర్థి గెలుస్తాడు కాబట్టి, జిల్లాలోని అల్పసంఖ్యాక వర్గానికి కూడా ప్రతినిధి లభించే వీలున్నది. భారతదేశంలో రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకునే ఒకే బదిలీ ఓటు పద్ధతి కూడా ఇటువంటిదే. శాఖల నిర్వహణ మేయరు పర్యవేక్షణలోని వృత్తి నిపుణుడైన పాలనాధికారికి అప్పగించబడింది. తొలి ఎన్నిక 2024 నవంబరులో జరిగి, కొత్త మండలి 2025 జనవరిలో బాధ్యతలు స్వీకరించింది. సభ్యుల సంఖ్య సరిసంఖ్య కావడంతో ఓట్లు ఆరు - ఆరుగా చీలిపోయే సమస్య అధ్యక్షుని ఎన్నికలోనే ఎదురైంది.

విమర్శలు

చార్టర్ సమీక్ష దుర్వినియోగానికి అతీతం కాదు. న్యూయార్క్‌లో 2024లో మేయరు నియామకాలపై తన ఆమోదాధికారాన్ని విస్తరించే ప్రశ్నను నగర మండలి ఓటర్ల ముందు పెట్టదలచింది. మేయరు స్వయంగా ఒక సంఘాన్ని నియమించి వేరే ప్రశ్నలను ప్రతిపాదించడంతో, అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం మండలి ప్రశ్న ఓటు పత్రంలోకి ఎక్కలేదు. అదే నగరంలో మేయరు రెండు పర్యాయాలకు మించి పదవిలో ఉండరాదని 1993లో ఓటర్లు నిర్ణయించగా, 2008లో మండలి ఓటర్లను అడగకుండానే దానిని మూడు పర్యాయాలకు పెంచింది. 2010లో ఓటర్లు తిరిగి రెండుకు తగ్గించారు.

ఓటు పత్రంలోని ప్రశ్నలు సాంకేతిక భాషలో ఉండి సామాన్యులకు అర్థం కాకపోవడం, అనేక మార్పులను ఒకే ప్రశ్నలో కలిపివేయడం, స్థానిక ఎన్నికలలో తక్కువమంది ఓటు వేయడం ఇతర విమర్శలు.

భారతదేశంలో పరిస్థితి

భారత రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలోని విషయం. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. ఐదేళ్ళకొకసారి ఎన్నికలు, మహిళలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాల కేటాయింపు, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం దీని ముఖ్యాంశాలు. 12వ షెడ్యూలులో 18 విధులు పేర్కొనబడ్డాయి. అయితే వాటిని నగరాలకు అప్పగించడం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి విడిచిపెట్టబడింది. ఈ విషయంలో భారతీయ నగరాల స్థితి డిల్లన్ సూత్రానికి దగ్గరగా ఉన్నది.

భారతీయ నగరానికి తాను వ్రాసుకున్న చార్టర్ ఉండదు. హైదరాబాదు నగరపాలక సంస్థకు మూలం 1955 నాటి చట్టం. ఆంధ్ర ప్రదేశ్‌లోని ఇతర కార్పొరేషన్లకు 1994 నాటి చట్టం ద్వారా అదే వర్తింపజేయబడింది. కార్యనిర్వహణాధికారం రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. హైదరాబాదులో తాగునీరు, మురుగునీటి పారుదల 1989లో ఏర్పడిన ప్రత్యేక బోర్డు పరిధిలోనివి. 2002లో హైదరాబాదు మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు. 2009లో కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతులను విలీనం చేసి బృహత్ హైదరాబాదు మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఈ రెండు మార్పులూ రాష్ట్ర స్థాయి నిర్ణయాలే. నగర ఓటర్ల ఆమోదం కోరే నిబంధన చట్టంలో లేదు.

మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సిఫారసు చేసింది. అటువంటి సిఫారసును అంగీకరించడమా, మానడమా అనేది కూడా రాష్ట్ర శాసనసభ నిర్ణయించవలసిన విషయమే. అమెరికా పద్ధతిలో ఓటరు తన నగర ప్రతినిధులను ఎన్నుకోవడమేగాక, నగర ప్రభుత్వ రూపంపై కూడా ఓటు వేస్తాడు. భారతీయ నగర ఓటరుకు మొదటి హక్కు మాత్రమే ఉన్నది.